దయ్యం కోటు కింద ఆకుపచ్చ లాల్చీ

తాండూరులో నాపరాయి దుమ్ము ఎంత దట్టంగా ఉంటుందంటే, అద్దం తుడిస్తే గాని నాకు నా వయసు గుర్తు రాదు. అలాంటి ఊళ్లో, అక్టోబరు చివరి వారంలో ఒక సాయంత్రం, మా పాప చదివే బడి నుంచి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి ఒక సందేశం వచ్చి పడింది. పడడం కాదు, పేలింది. క్వారీలో మందు పేల్చినప్పుడు కూడా మా వీధి కిటికీలు అంతగా అదరలేదు.

"ముప్పై ఒకటిన హాలోవీన్. పిల్లలందరూ భయం గొలిపే వేషంలో రావలెను. వేషం లేనివారికి గేటు లోపలికి ప్రవేశం లేదు. మధ్యాహ్నం పరీక్ష ఉన్నందున వేషం లోపల యూనిఫాం తప్పనిసరి. చాక్లెట్లకు చేతిలో చిన్న బకెట్ ఉండవలెను."

అంతే. గ్రూపు రెండు ముక్కలైంది.

"మా పాస్టరు గారు ఏండ్ల సంది దయ్యాలను ఎల్లగొడుతున్నడు. ఇప్పుడు నేను ఫీజు గట్టి ఇంట్ల ఒకదాన్ని తయారు చేయాల్నా?" అని ఒక తండ్రి.

"మా ఇల్లు స్మశానం పక్కనే. వేషం దేనికి, ఒరిజినల్‌నే తోల్కొస్త" అని దోమ అనే ఊరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఇంకో తండ్రి.

"బతుకమ్మకు బడిల పూలు పేర్వనియ్యలే గని, దయ్యాలకు గేట్లు తెరుస్తరా?" అని ఒక తల్లి.

"పిల్లల సరదా మీద గింత పంచాయితీ ఎందుకక్కా? ఒక్కరోజు దయ్యమైతే ఏమైతది, మా ఇంట్ల రోజూ అయితనే ఉంటరు" అని ఇంకో తల్లి.

బడి యజమాని, అంటే కరస్పాండెంట్ సారు, ఈ మహాయుద్ధానికంతటికీ ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. మే నెల ఎండలో కూడా టై విప్పని మనిషి ఆయన. స్నానం కూడా టైతోనే చేస్తాడని ఊళ్లో అనుకుంటారు. ఆ అనుకునే వాళ్లలో మొదటివాణ్ణి నేనే.

నేను నవ్వుకుంటూ ఫోను మా పాపకు చూపించాను. నాలుగో తరగతి. మామూలుగా వేషమంటే ఎగిరి గంతేసే వయసు. అది ఫోను చూసి, నన్ను చూసి, "డాడీ, ఆ రోజు నాకు జ్వరమొస్తది" అంది. రాబోయే జ్వరాన్ని ముందే రిజర్వు చేసుకున్నట్టు చెప్పింది. నా నవ్వు అక్కడే ఆగింది, ఎందుకంటే కారణం నాకు తెలుసు.

పాప పాలు తాగే వయసులో ఒకసారి ఊపిరి అందక మా చేతుల్లోంచి జారిపోబోయింది. హైదరాబాదులో ఆసుపత్రి వరండాలో నేనూ నా భార్యా గోడకు అతుక్కుపోయి ఉంటే, బొంరాస్‌పేటలో మా అమ్మ పీరీల చావిడి ముందు కూర్చుని మొక్కింది. బిడ్డ బతికి బడీడుకొస్తే ఐదేండ్లు పీర్ల పండుగకు ఫకీరును చేస్తానని. మా వైపు ఇది కొత్తేమీ కాదు. బొట్టు పెట్టుకునే ఇళ్లలో కూడా పిల్లలు బతకాలని పీరీలకు మొక్కుతారు. పిల్లకు ఆకుపచ్చ లాల్చీ వేసి, మెడలో దారం కట్టి, భుజాన జోలె తగిలిస్తారు. పిల్ల ఇల్లిల్లూ తిరిగి అడగాలి. ఏ ఇంటివాళ్లూ ఉత్త చేతులతో పంపరు, చెప్పులు విడిచి వంగి పెడతారు. ఒకసారి పొలం గెట్టు తగాదాలో కర్రలెత్తిన ఇద్దరి మధ్యకు మా పాప జోలె పట్టుకుని వెళ్లింది. ఒకాయన రెండు కర్రలూ పట్టుకుని నిలబడితే, రెండో ఆయన ఇంట్లోకి పోయి దోసెడు జొన్నలు తెచ్చి పోశాడు. తర్వాత ఎవరి కర్ర వాళ్లు తీసుకుని తగాదా ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మొదలుపెట్టారు.

నాలుగేళ్లు అలా, రొట్టె బెల్లం కలిపి పీరీలకు పెట్టే మలీద తింటూ, బాగానే గడిచాయి. నిరుడు నా భార్య మురిసిపోయి పాప ఫొటో స్టేటస్‌లో పెట్టింది. అది ఎదురింటి పిల్లవాడు చూశాడు. వాడు పాప తరగతే. మర్నాటి నుంచి తరగతిలో పాపకు పేరు లేదు. "ఏ ఫకీరూ, పెన్సిలియ్యనా? ఏ ఫకీరూ, అడుక్కుంటవా?" పాప ఏడ్వలేదు. ఆ లాల్చీని మాత్రం దండెం మీద ఆరేయనివ్వలేదు. పడకగది తలుపు వెనక మేకుకు తగిలించి, నీడలో ఆరబెట్టింది. ఈ ఏడు, మొక్కులో ఆఖరి ఏడు, పీర్ల పండుగనాడు బాత్రూములో గడియ పెట్టుకుని కూర్చుంది. పండుగ వెళ్లిపోయాకే బయటికి వచ్చింది.

అప్పటి నుంచి మా అమ్మ మాతోనే తాండూరులో ఉంది. పాప ఒక్కసారి దగ్గితే చాలు, ఆమె చేతిలో పని ఆగిపోతుంది. నేల మీద పడ్డ గిన్నె చప్పుడుకు కూడా అంత ఉలిక్కిపడదు.

ఇలాంటి ఇంట్లో ఆ రాత్రి అన్నాల దగ్గర మా అమ్మ అడిగింది. "ఏందే బిడ్డా, గది ఏం పండుగ?"

పాప అన్నం కెలుకుతూ చెప్పింది. "అమెరికాల వేషం ఏసుకుంటరు నాయనమ్మా. ఇల్లిల్లూ తిరుగుతరు. బకెట్ పట్టుకుని అడుగుతరు. వాళ్లు స్వీట్లేస్తరు."

మా అమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. ముఖం మీదికి నెలల తరబడి రాని వెలుగు వచ్చింది.

"ఓర్నీ! గిది మన పీర్ల పండుగే గదరా! తెల్లదొరలకు గూడ పీరీలున్నయన్నట్టు. మనది దప్పిపోయిందని ఆళ్లది పంపిండు దేవుడు. ఆగిన మొక్కు ఆ బడిల్నే తీరుతది!"

"అవ్వా, అది అది కాదు" అన్నాను.

"ఏది ఏది కాదురా? వేషం లేదా? అడుగుడు లేదా? పెట్టుడు లేదా?"

పదమూడు దేశాల పండితులు వచ్చినా ఆ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పలేరు. నేను పెరుగు వడ్డించుకున్నాను. పాప ముఖం మాత్రం నాపరాయి రంగుకు తిరిగింది. ఇన్నాళ్లూ ఆ ఎగతాళికి ఒక ఫొటోనే ఆధారం. ఇప్పుడు నాయనమ్మ ఏకంగా తననే ఆకుపచ్చ లాల్చీలో తరగతి ముందు నిలబెడుతుంది.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి వికారాబాదు వెళ్లాను. అక్కడ బడిపిల్లలకు వేషాలు అద్దెకిచ్చే దుకాణం ఒకటుంది. వేళ్లాడే దేవతల మధ్యన దుకాణదారు టీ తాగుతున్నాడు.

"దయ్యం కావాలె" అన్నాను.

"దేవుళ్లు మస్తుగున్నరు సార్. దయ్యాలే కతమైనయ్. పొద్దుగాల్నే పరిగి బడోళ్లు వచ్చి మొత్తం ఎత్తుకపోయిన్రు. కృష్ణుణ్ణి తీస్కపోరి, జర నల్లరంగు పూస్తే భయపడ్తరు."

"కృష్ణున్ని చూసి ఎవరు భయపడ్తరయ్యా?"

"కంసుడు."

చివరికి లాయరు వేషం కోసం పెట్టిన నల్ల కోటు ఒకటి తీసి, మెడ దగ్గర తాళ్లు కుట్టించి, మంత్రగత్తె టోపీ జత చేశాడు. ఆ కోటు ఎంత పొడవంటే మా పాపను అందులో వేసి పైన మూత పెట్టొచ్చు. తిరుగు రైల్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఎదుటి సీటు ముసలాయన జాలిగా "ఎవరి కేసు సార్?" అని అడిగాడు. "మా అమ్మకూ నా బిడ్డకూ నడుమ" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

ముప్పై ఒకటి పొద్దున మా గడపలో మా అమ్మ కూర్చుంది. ఒళ్లో ఉతికి మడతపెట్టిన ఆకుపచ్చ లాల్చీ. లోపల నల్ల కోటు వేసుకుని పాప. నడుమ నేను. స్కూటరు బయట ఉంది గాని, దాన్ని చేరడానికి దారి లేదు.

"నేనేం బలిమి చేస్తలేను" అంది అమ్మ. "ఆనాడు దాని శ్వాస నా మాట మీద నిలవడ్డది. మాట దప్పితే నేనేం చేసుకోవాల్రా? దగ్గినప్పుడల్లా నా పానం పోతున్నది."

స్కూటరు తాళం మళ్లీ జేబులో వేసుకున్నాను. పాప నాయనమ్మను చూసింది, చాలాసేపు.

నా భార్య మధ్యే మార్గం కనిపెట్టింది. లాల్చీ లోపల, కోటు పైన. యూనిఫాం సంచిలో. చాక్లెట్లు బకెట్లో పడగానే బాత్రూములోకి పోయి మార్చుకోవచ్చు. మా అమ్మ ఒప్పుకుంది. ఒంటికి తగిలితే చాలునంది. పాప నా వైపు తిరిగింది.

"ఎవ్వలకన్న కనవడితే?"

"చీమకు గూడ కనవడదు. నాది గ్యారంటీ" అన్నాను. అప్పుడు నా ఛాతీ వెడల్పు చూసి ఉంటే మీరు నాకు బ్యాంకు అప్పగించేవారు.

బడి గేటు దగ్గరికి వెళ్లేసరికి నా గ్యారంటీకి చెమట పట్టింది. గ్రూపులో కొట్టుకున్న వాళ్లంతా ఇప్పుడు మనుషులై, గొంతులై గేటు ముందు నిలబడ్డారు. పాస్టరు గారి భక్తుడు ఒకవైపు, దోమ ఆయన ఒకవైపు, బతుకమ్మ తల్లి మధ్యన. చుట్టూ అస్థిపంజరాలు, రక్తం మూతులు, ఇద్దరు చంద్రముఖులు, ఇంట్లో ఇంకేం దొరక్క అట్టపెట్టెలో వచ్చిన ఒక శవం. పెద్దల అరుపులకు దయ్యాలు బిక్కచచ్చి ఒకదాని చేయి ఒకటి పట్టుకున్నాయి.

కరస్పాండెంట్ సారు టై సర్దుకుని మైకు అందుకున్నాడు. "పేరెంట్స్, ప్లీజ్. ప్రోగ్రాం క్యాన్సిల్. పిల్లలందరూ ఇక్కడే వేషాలు తీసి సంచుల్లో పెట్టండి. యూనిఫాంలో ఉన్నవాళ్లే లోపలికి."

చప్పట్లు మోగాయి. నాకు మాత్రం చెవుల్లో రైలు పోయినట్టయింది.

వరుస కట్టించారు. గేటులో క్లాస్ టీచరమ్మ ఒక్కొక్క దయ్యాన్ని వలుస్తోంది. లోపల నుంచి నీలం గళ్ల యూనిఫాంలు బయటపడుతున్నాయి. వరుస కరుగుతోంది. పాప ముందు ఎదురింటి పిల్లవాడు, అస్థిపంజరం. పాప రెండు చేతులతో కోటు మెడను బిగించి పట్టుకుంది.

నేను కరస్పాండెంట్ దగ్గరికి ఉరికాను. "సార్, మా పాపకు సర్ది. కోటు ఉండనియ్యండి. జర బాత్రూముదాక."

"ఒకరికి ఇస్తే అందరూ అడుగుతరు సార్. చూస్తున్నరు గదా, నా పరేషానీ."

"సార్, వకీలు కోటు సార్ అది, దయ్యంది గాదు."

ఆయన నన్ను చూసిన చూపుకు అర్థం మళ్లీ ఏడాది ఫీజులో తెలుస్తుందనిపించింది.

వెనక్కి తిరిగేసరికి వంతు వచ్చేసింది. ఎదురింటి వాడు ఎముకలు విప్పి పక్కన నిలబడి చూస్తున్నాడు. "మిస్, ఆమె లోపల ఏమో దాస్తున్నది."

టీచరమ్మ చేయి చాచింది. "తియ్యమ్మా, లేటైతుంది."

పాప నా కోసం చూసింది. జనంలోంచి నేను దొరికాను. నా ఖాళీ చేతులు కూడా కనబడ్డాయి. గ్యారంటీ అయిపోయిందని దానికి అర్థమైంది. ఆ ఒక్క క్షణంలో అది ఏడుస్తుందని, పరుగెత్తుతుందని, ఇక జన్మలో నాతో మాట్లాడదని మూడు రకాలుగా అనుకున్నాను. అది టోపీ తీసి టీచరమ్మ చేతికిచ్చింది. మెడ దగ్గరి తాళ్లు తనే విప్పింది. కోటు కాళ్ల దగ్గర కుప్పగా పడింది.

ఆకుపచ్చ లాల్చీ. మెడలో ఎర్ర దారం. చేతిలో ప్లాస్టిక్ బకెట్.

"హే, ఫకీ..." అని ఎదురింటి వాడు మొదలుపెట్టాడు.

పాప వాడి వైపు చూడలేదు. నేరుగా కరస్పాండెంట్ సారు ముందుకు వెళ్లి, బొంరాస్‌పేట గుమ్మాల ముందు నిలబడినట్టే నిలబడి, బకెట్ ముందుకు పట్టింది.

ఆయన చేతిలో మైకు ఉంది. ఆయన దాన్ని పక్కన నిలబడ్డ దోమ ఆయనకు ఇచ్చేశాడు. ఇచ్చినట్టు ఆయనకు తెలుసనుకోను. బూట్లలోంచి పాదాలు బయటకు తీశాడు. బహుమతుల కోసం టేబుల్ మీద పెట్టిన చాక్లెట్ల డబ్బా తెరిచి, రెండు చేతుల నిండా తీసి, వంగి, బకెట్లో పోశాడు.

ఆ తర్వాత ఏం చేయాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అందరూ మా చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. బతుకమ్మ తల్లి తన కొడుకు టిఫిన్ డబ్బాలోంచి అరటిపండు తీసి వేసింది. దోమ ఆయన ఒక చేత్తో మైకు పట్టుకునే జేబులు తడుముకుని ఏలకుల పొట్లం వేశాడు. పాస్టరు గారి భక్తుడు కాసేపు ఆకాశం చూసి, "బిడ్డ అడిగింది, పెడ్తున్న. పండుగకు గాదు" అని మైకులో వినబడేలా ప్రకటించి బిస్కెట్ ప్యాకెట్ వేశాడు. బకెట్ చివరికి నా ముందుకు వచ్చింది. నా జేబులో స్కూటరు తాళం తప్ప ఏమీ లేదు.

"నీ గ్యారంటీ ఏది డాడీ? గదన్న ఎయ్" అంది పాప. కళ్లలో నీళ్లున్నాయి. మూతి మాత్రం నవ్వుతోంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బకెట్ అడుగున రెండు చాక్లెట్లు మిగిలాయి. అడిగి తెచ్చింది ఒక్కరే తినకూడదని నాయనమ్మ నేర్పింది గనక తరగతంతా పంచిందట. "ఎదురింటోనికి గూడనా?" అని నా భార్య అడిగితే, "వానికి రెండిచ్చిన. ఒకటి నోట్ల పెట్టుకుంటే మాట్లాడడు, ఇంకొకటి తర్వాతకు" అంది. మా అమ్మ మిగిలిన రెంటినీ కళ్లకద్దుకుని, ఒకటి విప్పి చప్పరిస్తూ, "దొరల మలీద పండ్లకంటుకుంటదిరా" అంది. పాప అప్పుడే పొలమారి దగ్గింది. అమ్మ చప్పరించడం ఆపలేదు.

గ్రూపులో కరస్పాండెంట్ సారు కొత్త ప్రశ్న పెట్టాడు. పిల్లలు బడికి వేషాలు వేసుకు రావాలా, వద్దా, అభిప్రాయాలు తెలుపగలరు. మళ్లీ మొదలైంది. నేను జవాబు టైపు చేస్తూ డాబా మీదికి వెళ్లాను. పాప అప్పటికే అక్కడ ఉంది. లాల్చీ తనే ఉతికినట్టుంది, మోకాళ్ల దాకా తడిసి ఉంది. దండేనికి అందక ఎగురుతోంది. నేను లాల్చీ అందుకుని మెట్ల వైపు తిరగబోయాను, ఎప్పటిలా పడకగది తలుపు వెనక మేకుకు తగిలిద్దామని.

"అటు గాదు డాడీ" అంది. "ఎండ ఇటున్నది."

ఎదురింటి కిటికీ ఎదురుగా, వీధి వైపు దండెం మీద వేశాను. సాయంత్రం ఆరు దాటింది. ఎండ ఎటూ లేదు.