మా అత్తగారి తెల్లచీర

మామగారు నిక్షేపంలా బతికుండగానే మా అత్తగారికి తెల్లచీర కట్టించిన ఘనుణ్ని నేను. ఆ నేరం మా బావమరిది సురేష్ నెత్తిన పడుతుంటే నిజం దాచాను. చదివి నవ్వండి, పర్లేదు. మా అత్తగారికి మాత్రం వినబడనివ్వకండి.

చల్లపల్లిలో మామగారి షష్టిపూర్తికి ఫోటోలు తీసింది సురేషే. హనుమాన్ జంక్షన్‌లో ఫోటో స్టూడియో పెట్టాలని వాడి కోరిక. అక్కడున్న గది మామగారిది. ఆయనింకా ఊ అనలేదు.

"ఇవి బాగా వస్తే నాన్న ఒప్పుకుంటారు బావా. బెజవాడలో మంచి చోట ప్రింటు వేయించు."

"ఇంట్లో కొత్త ప్రింటరు పెట్టుకుని బయటికెందుకురా?"

కంప్యూటర్లో చూద్దును కదా, చుట్టాలందరినీ పసుపునీళ్లలో ముంచి తీసినట్టుంది. అత్తగారి పసుపు పట్టుచీరైతే చెప్పనే అక్కర్లేదు. పాపం, వీడికి రంగులు తెలియవనుకుని సెట్టింగుల్లోకి దిగాను. పసుపు తగ్గించాను. చాలలేదు. ఇంకా తగ్గించాను. తెర మీద ముచ్చటగా కనబడ్డ ఫోటో కాగితం మీద పాలిపోయి వచ్చింది. ఆరితే రంగు తేలుతుందిలే అనుకుని ఫ్రేము కట్టించాను. నా తెలివి అలాంటిది.

చల్లపల్లిలో అందరి ముందూ అత్తగారు ఫ్రేముకి చుట్టిన కాగితం విప్పారు.

"ఏమండీ, ఉన్నారా?"

"ఇక్కడేగా, కాఫీ తాగుతున్నా."

"మరి నాకీ తెల్లచీరేంటండీ?"

మామగారు కళ్లజోడు సర్దుకున్నారు. "నా మొహమూ నీలంగా ఉంది. పోయాక తీసినట్టుందే! ఎవడ్రా తీసింది?"

అందరూ సురేష్ వైపు చూశారు. వాడు నా వైపు చూశాడు. నేను కాఫీ గ్లాసులోకి చూశాను.

"వెలుతురు సరిగ్గా పడలేదేమో మామయ్యగారూ..."

"కన్నతల్లి చీర రంగు పట్టలేనివాడికి స్టూడియో కూడానా! ఆ గది ఎరువుల కొట్టుకిచ్చేస్తా."

ఇంటికొచ్చాక మా ఆవిడ పద్మ కంప్యూటర్ ముందు కూర్చుంది.

"దీనికి కామెర్లొచ్చాయా ఏంటండీ, ఇంత పచ్చగా ఉంది?"

కళ్లకు హాయిగా ఉంటుందని నేనే పెట్టుకున్న, తెరనంతా పసుపుగా చూపించే నైట్ లైట్ అది! తీసేయగానే సురేష్ తీసిన అసలు ఫోటో కళకళలాడింది.

"ఇందులో చూసేనా మా తమ్ముడి ఫోటోకి వైద్యం చేసింది? వాడు తిట్లు తింటుంటే వెలుతురు పడలేదన్నారా?"

"అంటే... అప్పుడలా..."

"ఆ వెలుతురేదో ఇప్పుడు మీ మీద పడనివ్వండి. పదండి చల్లపల్లి."

ఈసారి బయటే ప్రింటు వేయించి పట్టుకెళ్లాను. చీర పచ్చగా, మామగారు ఎర్రగా ఉన్నారు.

"మామయ్యగారూ, ఫోటో వాడు బాగానే తీశాడు. పాడుచేసింది నేను. ఆ మాట చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు."

ఆయన ఫోటోను ఎగాదిగా చూశారు. "అయితే నేను బతికే ఉన్నానన్నమాట," అంటూ గది తాళాలు సురేష్ చేతిలో పెట్టారు. ఎరువుల కొట్టు ఊసు మళ్లీ రాలేదు.

నేను వాడి రెండు చేతులూ పట్టుకున్నాను.

"క్షమించరా సురేషూ. అత్తయ్యగారి పట్టుచీర మీద ఒట్టు, ఈ జన్మలో ఇక పసుపు తగ్గించను. కూరలో కూడా!"