పెదనాన్న జరిపిన గీత

మా పెదనాన్నను ఊళ్ళో అందరూ గీతల మేస్త్రి అంటారు. బడి నల్లబల్ల దగ్గర్నుంచి బస్సు మీద నంబరు దాకా రంగు డబ్బాతో అయ్యే పని ఏదైనా చేసేవాడు. ఆ పేరు వచ్చింది మాత్రం క్యాంపు గేటు ముందు రోడ్డుకు అడ్డంగా ఉన్న పసుపు గీత వల్ల.

క్యాంపు దొరలది. మనకు స్వాతంత్ర్యం ఇచ్చి వెళ్తూ, రేవు పక్కన జాగా మాత్రం తమ కిందే అట్టేపెట్టుకున్నారు. ఇల్లు ఖాళీ చేసినవాడు వంటగది తాళం జేబులో వేసుకుపోయినట్టు. దానికి రక్షణ ఒప్పందం అని పేరు. మనల్ని ఎవరి నుంచి రక్షిస్తారో అందులో ఎక్కడా లేదు. లైబ్రరీలో కూర్చుని రెండుసార్లు చదివాను. ఉన్నదల్లా ఇది: వాళ్ళ సైనికుడు గీతకు అవతల తప్పు చేస్తే వాళ్ళ కోర్టు, ఇవతల చేస్తే మన కోర్టు.

ఏటా వానలు వెలిశాక ఆ గీతకు కొత్త రంగు వేసే పని పెదనాన్నది. ఇరవై నాలుగేళ్ళు ఆయనే వేశాడు. అప్పటికి పాత రంగు పెచ్చులు లేచి ఉండేది. దాన్ని శుభ్రంగా గీకాలంటే గీతకు అవతల కూడా కూర్చోవాలి. అవతల కాలు పెట్టాలంటే పాసు కావాలి. పాసు చేతికి రావడానికి మూడు రోజులు, పనేమో ఒక పూటది. అందుకని ఆయన ఇవతలే గొంతుక్కూర్చుని, పాత గీత మీద నల్లరంగు పూసేసి, దాని అంచున కొత్త గీత లాగేవాడు. అంటే ఏటికి బెత్తెడు, మూడంగుళాలు, ఇవతలికి. బెత్తెడు ఎవరి కంటికి ఆనుతుంది?

పెద్దమ్మ క్యాంపు బట్టలు ఉతికేది. పొద్దున ఎనిమిదింటికల్లా గేటు ముందు దీపస్తంభం పక్కన మూటతో నిలబడేది. పెళ్ళయిన ఏడాది నుంచీ అదే స్తంభం, అదే చోటు. ఆమె నోరు ఊరుకునేది కాదు. కాపలా సైనికుడితో మన భాషలోనే ధరలూ, మోకాళ్ళ నొప్పులూ, మొగుడి సంగతులూ అన్నీ చెప్పేది. వాడు తలాడించేవాడు. వాడికేం అర్థమవుతుందని నేను ఎగతాళి చేస్తే, “అందుకే మాకు తగవు లేదురా. మీ పెదనాన్నకి నా మాట అర్థమై ఏం ఒరిగింది?” అనేది.

పోయిన ఏడాది చలికాలంలో ఒక పొద్దున, లోపలి నుంచి వేగంగా వచ్చిన లారీ మలుపు తిరగలేక ఆమెను ఆ స్తంభానికేసి నొక్కేసింది. డ్రైవరు దూకి, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. రోడ్డు పక్క టీకొట్టాయన చూశాడు. పెద్దమ్మ పెదవులు కదిలాయనీ, డ్రైవరు వంగి చెవి ఒగ్గాడనీ మాకు చెప్పాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

పెదనాన్నకు ఇక ఆ ఒక్కటే పట్టుకుంది. ఏమంది? అన్నం ముందు కూర్చుని అదే అడిగేవాడు. మేం ఎవరం చెప్పగలం?

మన ఇన్‌స్పెక్టరు డ్రైవర్ని స్టేషన్లో కూర్చోబెట్టాడు. మూడో రోజు క్యాంపు అధికారి టేపుతో వచ్చి కొలిచాడు. దీపస్తంభం గీతకు రెండడుగులు అవతల ఉంది. డ్రైవర్ని తీసుకుపోయాడు. కేసు ఎవరిదో శుక్రవారం రెండు ప్రభుత్వాల మనుషులూ కూర్చుని తేలుస్తారన్నారు.

ఆ సాయంత్రం పెదనాన్న నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

“మీ పెద్దమ్మ గీత దాటలేదురా. గీతే దాన్ని దాటింది.”

ఇరవై నాలుగు బెత్తెల సంగతి అప్పుడు చెప్పాడు. ఒప్పందంలో గీత గేటు గోడ నుంచి ముప్పై అడుగులని ఉంది. మర్నాడు పట్టపగలే వెళ్ళి, కాపలావాణ్ణి బతిమాలి గోడ నుంచి టేపు పట్టించి కొలిచాం. ముప్పై ఆరు. లెక్క ప్రకారం పెద్దమ్మ నిలబడింది మన నేల మీదే. డ్రైవరు మన కోర్టులో నిలబడాలి. చావు జరిగిన ఇంట్లో ఆ రోజు నేను సంబరపడ్డాను.

శుక్రవారం సభలో కాగితాలు చదివిపెట్టడానికి నన్నూ రానిచ్చారు. పెదనాన్న నిలబడి అంతా ఒప్పుకున్నాడు. గీత జరిపింది నేనే, ఎవరూ చెప్పలేదు, బద్ధకమే అనుకోండి, దానికి ఏ శిక్ష వేసినా పడతాను అన్నాడు. క్యాంపు అధికారి మర్యాదగా రాసుకున్నాడు. కరుకుదనం మన అధికారి దగ్గర్నుంచే వచ్చింది. వచ్చే నెల ఒప్పందం పొడిగింపు. వాళ్ళ మంత్రి వస్తున్నాడు. మన తీరం కాపలాకు నాలుగు పడవలు ఇస్తున్నారు.

“ఇన్నేళ్ళూ రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్న గీత అది మేస్త్రీ. ఇప్పుడొచ్చి తప్పు గీశానంటే, ఆరడుగుల నేల పోతుంటే ఏం చేస్తున్నారని మమ్మల్ని అడుగుతారు.”

“నేల మీరే ఉంచుకోండి బాబూ, లేదా వాళ్ళకే ఇచ్చుకోండి. ఆ డ్రైవర్ని ఒక్కసారి మన కోర్టులో నిలబెట్టండి. మా ఆవిడ ఏమందో అడగాలి.”

“అతనికి మన భాష రాదు కదయ్యా.”

“అర్థం కాకపోయినా చెవిన పడింది కదా బాబూ. పడ్డది పడ్డట్టు పలికితే చాలు. నేను పోల్చుకుంటాను.”

మన అధికారి కాసేపు కాగితాలు సర్దాడు. తర్వాత, పాము చావకుండా కర్ర విరగకుండా ఒక వాక్యం రాయించాడు. ఇరుపక్షాలూ ఆచరణలో అంగీకరించిన గీతే గీత. డ్రైవర్ని సోమవారం ఓడ ఎక్కించారు. శిక్ష పడిందో, సెలవు దొరికిందో మాకు ఎవరూ చెప్పలేదు. పొడిగించిన ఒప్పందంలో ముప్పై అడుగుల మాట కొట్టేసి, ‘ప్రస్తుతం నేలపై ఉన్న గీత’ అని రాశారు. పేపర్లో మంత్రులిద్దరూ చేతులు పట్టుకుని నవ్వుతున్న ఫొటో వేశారు. పెదనాన్న ఆ పేజీని చాలాసేపు చూసి, వెనక్కి తిప్పి పెట్టాడు. ఆ ఏడు గీతకు రంగు వేయడానికి వెళ్ళలేదు. వేరేవాళ్ళు వేశారు.

ఆయన అరవాలని, గేటు మీద రాయి విసరాలని నాకుండేది. ఆయన ఉత్తరం రాయమన్నాడు. డ్రైవరుకి, వాళ్ళ భాషలో. నా డిక్షనరీ ముందేసుకుని నాలుగు పేజీలు రాశాను. ఏం రాశావో చదవమంటే మన భాషలో వినిపించాను.

“హంతకుడు అని ఎందుకురా? అవన్నీ తీసెయ్. కోపమొస్తే జవాబు రాయడు.”

చివరికి మిగిలినవి అయిదు వాక్యాలు. ఆమె నా భార్య. మీరు ఆమె తల పట్టుకున్నారు. ఆమె ఏదో అంది. అర్థం తెలియక్కర్లేదు. చెవిన పడ్డట్టు రాసి పంపండి.

డ్రైవరు చిరునామా మాకు తెలియదు. లోపల ఉత్తరమూ, పైన అందజేయమని విన్నపమూ పెట్టి క్యాంపు ఆఫీసులో ఇచ్చాను. నలభై రోజులకు తిరిగొచ్చింది. భద్రతా కారణాల వల్ల సిబ్బంది వివరాలు వెల్లడించలేమని పై కవరు మీద ముద్ర. లోపలి కవరు అంటించింది అంటించినట్టే ఉంది. పెదనాన్న దాన్ని వెలుతురుకు పట్టుకుని, అంచు మీద వేలు పోనిచ్చాడు.

“విప్పలేదు కదూ?”

“లేదు పెదనాన్నా.”

“అయితే మనం అడిగినట్టు అతనికి తెలియదు.”