ఫిలోమినా టీచరు చేతులు

ఇరవై ఆరేళ్లు జీవశాస్త్రం చెప్పి చెప్పి ఫిలోమినా టీచరు గొంతు అరిగిపోయింది. మొదట బొంగురుపోయింది. తర్వాత జీరబోయింది. దసరా సెలవులయ్యాక ఒక ఉదయం, పదో తరగతిలో హాజరు పిలుస్తుండగా ఎవరిదో పేరు సగం దగ్గర ఆగిపోయింది. మిగతా సగం ఇక రాలేదు.

కాకినాడ డాక్టరు లోపల చిన్న కాయలు కట్టాయన్నాడు. "కొన్నాళ్లు మాట మానెయ్యండమ్మా. లేదంటే ఆపరేషనే."

హెడ్మాస్టరు ఉమామహేశ్వరం మంచి మనిషి. పబ్లిక్ పరీక్షల ముందు పిల్లల చదువు పాడవుతుందని ఆయన బెంగ. "ఆఫీసులో కూర్చోండి ఫిలోమినా గారూ. కిటికీ పక్కన కుర్చీ, పైన ఫ్యాను. మీ క్లాసుకి ఇంకొకరిని చూస్తాను" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపేసరికి, "సరే, ఈ వారం ఎలా నడుస్తుందో చూసి చెప్తాను" అన్నాడు.

ఆమె మోకాళ్లు ఆ కుర్చీని కలగన్నాయి. సుద్దముక్క కూడా బరువనిపించే రోజులవి. గోదావరి మీంచి వచ్చే తేమగాలికి మధ్యాహ్నాలు ఒంటికి అతుక్కుపోయేవి. కానీ గొంతుతో పాటు తరగతి కూడా పోతే తనలో ఇంకేం మిగులుతుందో ఆమెకు తెలియలేదు.

మొదటి రెండ్రోజులు పాఠమంతా బోర్డు మీద రాసింది. ఆమె అటు తిరగగానే వెనక తరగతి నీళ్లలో ఉప్పులా కరిగిపోయేది. కేకెయ్యడానికి గొంతు లేదు. ఓ పూట బోర్డుకే ఆనుకుని కళ్లు మూసుకుంది.

ఏటి ఒడ్డు ఫరంపేట నుంచి వచ్చే ధనశ్రీ లేచి నిలబడింది. వాళ్ల నాన్నకు ఇంజను పడవ ఉంది.

"టీచరుగారండీ, మీరటు తిరిగి రాస్తంటే మాకెలా తెలుస్తాదండి? ఇంజను మోతలో మా నాన్న గొంతూ వినపడదండి. తెడ్డుతో బల్ల మీద రెండు దెబ్బలేస్తాడు, అందరూ అటు చూస్తారు. ఆ తర్వాతంతా చేతులేనండి, ఆయ్."

"ఒసేయ్, ఇది స్కూలే, రేవు కాదు," వెనక బెంచీలోంచి సాయిసందీప్ అన్నాడు. "రేపు వల కూడా తెమ్మంటావేటి?"

"తెచ్చినా నువ్వందులో పడవులే. బురదలో దూరే రకానివి. కూర్చోరా!"

తరగతి ఘొల్లుమంది. ఫిలోమినా డస్టరు తీసి బల్ల మీద రెండుసార్లు కొట్టింది. పడవలున్న ఇళ్ల పిల్లలు ఒక్కసారిగా, గాలి మారినప్పుడు కొంగలు తిరిగినట్టు, ఆమె వైపు తిరిగారు.

ఆ రోజు నుంచి పిల్లలు ఆమెకు ఏటి మీద చేతిమాటలు నేర్పారు. అరచేయి కిందికి ఊపితే నెమ్మది. చూపుడువేలు గుండ్రంగా తిప్పితే పడవ వెనక్కి తిప్పమని. మెట్టకూరు రైతుల పిల్లలు కాస్త తడబడి అందుకున్నారు. ఆమె బొమ్మ గీసేది, ఒకరు లేచి పాఠం చెప్పేవారు, తప్పు చెప్తే ఆమె వేలు గుండ్రంగా తిరిగేది. ఇన్నేళ్లూ తాను పోసిన మాటలు వాళ్ల నోళ్లలో ఎలా ఉంటాయో మొదటిసారి విన్నది. సాయంత్రానికి భుజాలు మండేవి. అన్నం కలుపుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు.

శుక్రవారం ఉమామహేశ్వరం వరండాలోంచి వెళ్తూ ఆగాడు. లోపల చప్పుడు లేదు. పాఠం జరగడం లేదనుకున్నాడు. లోపలికొచ్చి, దొరికిన వాణ్ణి దొరికినట్టు సాయిసందీప్‌ని లేపాడు.

"గుండె కుడివైపు నుంచి రక్తం ఎక్కడికి పోతుందిరా?"

"ఒళ్లంతా పోద్దండి."

హెడ్మాస్టరు ముఖం వాడిపోయింది. ఫిలోమినా నిలబడ్డ చోటు నుంచే వేలు గుండ్రంగా తిప్పింది. సాయిసందీప్ కళ్లు మూసుకున్నాడు.

"కాదండి, ఆగండి. కుడివైపుకొచ్చేది చెడు రక్తం కదండి... అది బాగుపడాలి. ఊపిరితిత్తులకండి! ఒళ్లంతా పోయేది ఎడంవైపుదండి."

"ఎవరందించారు?"

"ఎవరూ అందించలేదు సార్," ధనశ్రీ అంది. "టీచరుగారు వెనక్కి తిప్పమన్నారంతే. దారి వాడే ఎతుక్కున్నాడు."

ఆయన బోర్డు దగ్గరికెళ్లి గుండెబొమ్మను చూశాడు. తర్వాత మెత్తగా అన్నాడు. "ఆఫీసులో కుర్చీ మీదే. ఈ పూటే రావచ్చు. లేదా ఇలాగే కానివ్వండి. మీరెలా అంటే అలా. చెప్పండి."

తల ఒక్కసారి ఊపితే చాలు, ఆ గాలి, ఆ కిటికీ ఆమెవి. ఊపుదామనే అనుకుంది. కానీ కుడిచెయ్యి తనంతట తానే లేచింది. అరచేయి పైకి తిప్పి, బరువు తూచినట్టు మెల్లగా ఆడించి, దించేసింది.

పిల్లలు నవ్వారు. హెడ్మాస్టరు అయోమయంగా చూశాడు. "ఏమంటున్నారమ్మా?"

"వల ఇంకా బరువెక్కలేదంటన్నారు సార్. ఇప్పుడే లాగొద్దంట," ధనశ్రీ అంది. "క్లాసులోనే ఉంటారంటండి."

ఆయన తలాడించి వెళ్లిపోయాడు. అలా అన్నది తన ఇష్టమో, ఈ కొద్దిరోజులూ చేతులతో మాట్లాడిన అలవాటో ఫిలోమినాకు తేలలేదు. ముందు బెంచీ చివర కాసేపు కూర్చుంది. గంట కొట్టారు. పక్కగదిలోంచి ఎనిమిదో తరగతి గోల గోడ దాటి వస్తోంది. తర్వాతి పాఠం వాళ్లకే; ఈ చేతిమాటలేవీ వాళ్లకు ఇంకా తెలియవు. అన్నీ మొదటి నుంచి నేర్పాలి. నొప్పెడుతున్న భుజాన్ని ఒత్తుకుంటూ లేచింది.