మాస్టారి జుట్టు మందు

డ్రైవింగ్ మాస్టారు శిష్యులను అద్దంలో వెనక బండి చూడమని చెప్పి, తాను మాత్రం రోజురోజుకీ వెనక్కి జరుగుతున్న నుదుటిని చూసుకునేవారు. పొద్దున్నే స్నానాలగదిలో గడియ పెట్టుకుని తలకు జుట్టు మొలిపించే మందు పట్టించేవారు. భార్యకు కూడా ఆ సంగతి తెలియదు. బయటికి రాగానే, మందు తడి ఆరని ఆ చేతులతోనే ఏడుస్తున్న పసివాణ్ణి భుజాన వేసుకుని, వాడి చెంప తన తలకు ఆనించి జోకొట్టేవారు.

కొన్నాళ్లకు పిల్లవాడి చెంపల మీద, వీపు మీద నల్లటి వెంట్రుకలు మొలిచాయి. భార్యకు కంటి మీద కునుకు లేదు. ఇద్దరూ వాణ్ణి తీసుకెళ్లి చూపిస్తే, చర్మవ్యాధుల డాక్టరమ్మ, "ఇంట్లో ఎవరైనా జుట్టుకి మందు రాస్తున్నారా?" అని అడిగింది.

"అబ్బే, ఎవరూ వాడరండీ," అంది భార్య.

మాస్టారు చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"అయితే ఇంకేదైనా జబ్బేమో. రక్తం తీసి చూద్దాం."

నర్సు సూది తీసి పసివాడి చేయి పట్టుకుంది. వాడు కెవ్వుమన్నాడు.

"ఆగండమ్మా! నేనే రాస్తున్నా. ఆ చేతుల్తోనే వీణ్ణి ఎత్తుకుంటున్నా," అన్నారు మాస్టారు.

డాక్టరమ్మ సూది పక్కన పెట్టించింది. "అదే అయ్యుంటుంది. మందు వాడికి తగలకపోతే మెల్లగా రాలిపోతాయి. ముందు అలా చూద్దాం."

మాస్టారు బిడ్డ కోసం చేతులు చాపారు.

"ముందు కడుక్కురండి," అంది భార్య.

ఆయన మోచేతుల దాకా తోముకుని వచ్చారు. ఆమె ఆ చేతులను చాలాసేపు చూసి, బిడ్డను అందించింది.

"తలకి ఆనించకండి."