రెండు ముద్దల లెక్క

నా చిన్నప్పుడు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, మా మార్కాపురం తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఒకనాడు మధ్యాహ్నం తర్లుపాడు నుంచి నడుచుకుంటూ ఒక ఉద్యోగి మా పల్లెకు వచ్చాడు. పిల్లలు ఏం తింటున్నారో రాసుకుపోవడం ఆయన పని. తిండి చాలని ఊళ్ళకు బడిలో పాలపొడి ఇస్తారట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు.

ఆయన అరుగు మీద కూర్చుని తల్లులందరినీ ఒకటే అడిగాడు, పిల్లలు పూటకు ఎన్ని ముద్దలు తింటారని. అందరూ రెండు అన్నారు. మా అమ్మా అదే చెప్పింది. అబద్ధం కాదు. మా ఇళ్ళలో జొన్న సంగటి ఎవరికైనా రెండు ముద్దలే పెట్టేవారు. కాకపోతే అరక దున్నే మా నాయన ముద్ద దోసిలి నిండా ఉండేది, నాది నిమ్మకాయంత. ఆ ఉద్యోగి కాగితంలో మాత్రం ముద్దకు ఒకటే తూకం, అదీ పెద్దవాళ్ళది. ఈ ఊరి పిల్లలకు తిండి సరిపోతోందని రాసి, పాలపొడి అక్కర్లేదని తేల్చేశాడు. నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను! తలెత్తి చూస్తే నా డొక్కలు కనిపించేవి. చూస్తేగా!

పక్కింటి పెద్దమ్మ అంతా వింది. "ఎండన బడి వచ్చినావు, ఇంత తిని పో నాయనా" అని పిలిచి, విస్తరిలో నాకు పెట్టేపాటి ముద్దలే రెండు పెట్టి, గోంగూర పచ్చడి వేసింది. ఆయన నాలుగు గుటకల్లో మింగి కుండ వైపు చూశాడు. పెద్దమ్మ కుండ మీద మూత పెట్టింది.

"ఇంకొంచెం పెడతారా అమ్మా?" అన్నాడు మొహమాటంగా.

"ఏంది నాయనా, రెండు ముద్దలు తింటివి గదా! సరిపోయిందని రాసుకో."

ఆయన ముఖం కందిపోయింది. దుకాణం నుంచి తక్కెడ తెప్పించి, ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి పిల్లల ముద్దలు తూచాడు. మా బడికి పాలపొడి వచ్చింది.

ఆ రోజు ఆయన వెళ్ళబోతుంటే, మరి అంతకుముందు రాసిన ఊళ్ళ సంగతేమిటని పెద్దమ్మ అడిగితే, "ఆ కాగితాలు పైకి పంపేశానమ్మా" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది. నా మునిమనవరాలు ఏం తింటోందని ఎవరైనా రాసుకోవడానికి వస్తే, ముందు దాని గిన్నె తెచ్చి వాళ్ళ ముందు పెట్టాకే నోరు విప్పుతాను. ఆ ఊళ్ళ పిల్లలకు గిన్నె చూపించేవాళ్ళు లేకపోయారు. ఆ కాగితాల్లో వాళ్ళకు ఇప్పటికీ ఆకలి లేదు.