ఓకిమోతోగారి నాలుగు చక్రాల కూతుళ్లు

ఓకిమోతోగారి దృష్టిలో మాజ్డా బండి అంటే బండి కాదు, అత్తారింటికి పంపిన కూతురు. ఆయన నలభై ఏళ్లు మా ఫుచూ ఊళ్లోని మాజ్డా ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆ నలభై ఏళ్లలో గేటు దాటిన ప్రతి బండినీ తానే పెంచి సాగనంపినట్టు ఆయన లెక్క. కాబట్టి రోడ్డు మీద ఏ మాజ్డా కనబడినా ఆగి కుశలం అడగాల్సిందే. దాన్ని నడిపేవాడు డాక్టరైనా, చేపలమ్మేవాడైనా ఆయనకి అల్లుడే. అల్లుళ్లన్నాక ఒక్కడి మీదా ఆయనకి నమ్మకం లేదు.

ఎర్రదీపం పడి బండి ఆగితే చాలు, వెళ్లి కిటికీ మీద వేలితో కొట్టేవారు.

"ఆయిలెప్పుడు మార్చావు?"

లోపలి మనిషి బిత్తరపోయేవాడు. "మీరెవరండీ?"

"పుట్టింటివాణ్ణి. ఎప్పుడు మార్చావో చెప్పు."

"పోయిన చలికాలంలో అనుకుంటానండీ."

"అనుకుంటావా? నిన్న అన్నం తిన్నావా లేదా అన్నది కూడా ఇలాగే అనుకుంటావా?"

ఈలోగా పచ్చదీపం పడేది. వెనక బండ్లు హారన్లు మోగించేవి. ఓకిమోతోగారు అటు తిరిగి, ఆ వెనక ఉన్నది కూడా మాజ్డాయే అయితే, "కాస్త ఓపిక పట్టు నాయనా, నీ దగ్గరికే వస్తున్నా," అనేవారు.

ఈ సంగతులు నాకెలా తెలుసంటే, ఆయన రోజూ మధ్యాహ్నం మా కొట్టుకి వచ్చి కూర్చునేవారు. నాన్న పోయాక హైస్కూలు మధ్యలోనే మానేసి, మసాయె అత్త నడిపే ఒకొనొమియాకి అట్ల కొట్లో చేరాను నేను. నాకు మాట్లాడడం పెద్దగా రాదు. ఇనపపెనం ఇవతల నిలబడేవాళ్లకి ఆ అవసరం కూడా లేదు. అట్లకాడ చేతిలో ఉంటే చాలు, అవతల వరసగా కూర్చున్నవాళ్లు మనకి బదులు కూడా మాట్లాడేస్తారు.

పెద్దాసుపత్రి దగ్గర బండ్లు నిలిపే చోటుకి ఆయన రోజూ పొద్దున్నే బకెట్టు, గుడ్డ పట్టుకుని వెళ్లేవారు. డ్యూటీ దిగి వచ్చిన నర్సు ఒకామె తన బండి అద్దంలా మెరవడం చూసి, దొంగ పడ్డాడేమోనని భయపడిందట. చక్రం దగ్గర గొంతుకూచుని ఉన్న ఈయన లేచి, "బ్రేకు కీచుమంటోంది, బిగించాను," అన్నారట. ఆమె నడుం వంచి దణ్ణాల మీద దణ్ణాలు పెడుతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపారట.

"నీ కోసం కాదమ్మా. కంపెనీ పరువు కోసం. నువ్వు కీచుకీచుమంటూ ఊరంతా తిరిగితే జనం నిన్నంటారా, మమ్మల్నంటారా?"

ఆ మాట ఆయనకి ఊతపదం. టైరులో గాలి కొట్టినా, కాలిపోయిన దీపం మార్చినా, ఎవరైనా థాంక్స్ చెప్పబోతే చాలు, "నీ కోసం కాదు," అని మొదలుపెట్టేవారు. మిగతా సగం మేమంతా కలిసి పూర్తిచేసేవాళ్లం.

ఇక చరిత్ర. పెనం మీద కాబేజీ కుప్ప పడిందంటే ఆయన నోట చరిత్ర మొదలైందన్నమాటే.

"మొదట మేం చేసింది బండ్లు కాదు, బెండు. సీసాలకి బిరడాలు పెడతారే, ఆ బెండు."

"మళ్లీ బెండు దగ్గర్నుంచేనా బాబాయ్?" అనేవాడు పక్క కుర్చీలో నొబుసుయె. పెయింటు విభాగంలో పనిచేసేవాడు, నోటి దురుసు మనిషి. "నిన్న మూడు చక్రాల బండి దాకా వచ్చాం కదా, అక్కణ్ణుంచి చెప్పు."

"పునాది లేకుండా ఇల్లు కట్టమంటావేంట్రా? సరే, మూడు చక్రాల బండి. నేనూ అదీ ఒకే ఏడు పుట్టాం."

"అందుకేనా నీ నడక కూడా అలా ఉంటుంది?"

"అట్టు మాడుతోంది," అనేది అత్త. "చరిత్ర త్వరగా లాగించండి."

ఒక్క చోట మాత్రం ఎవరూ అడ్డు తగిలేవాళ్లు కాదు. "నాకప్పుడు పద్నాలుగేళ్లు," అని ఆయన గొంతు తగ్గించేవారు. "అణుబాంబు పడి ఊరు ఊరంతా బూడిదైంది. మధ్యలో హిజియామా కొండ అడ్డంగా ఉండబట్టి మన ఫ్యాక్టరీ కప్పు నిలిచింది. ఆసుపత్రీ, ఆఫీసులూ అన్నీ ఆ కప్పు కిందికే వచ్చి చేరాయి. ఆ డిసెంబరులోనే, ఇంకా రోడ్డనేది లేని రోడ్డు మీద టకటకా చప్పుడైంది. చూస్తే మూడు చక్రాల కొత్త బండి. దాని వెనక పరిగెత్తాను. ఎందుకో తెలీదు. ఆ చప్పుడు విన్నాకే మళ్లీ ఆకలి తెలిసింది నాకు."

మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఆ గేటు దాటి పనికి వెళ్లినవాళ్లే. అది ఆయన ఒక్కరి గర్వం కాదు.

రోటరీ ఇంజను కథ మాత్రం హుషారుగా ఉండేది. లోపల గుండ్రంగా తిరిగే ఆ ఇంజను ఎన్నిసార్లు చేసినా గోడల మీద గీతలు పడేవట. దెయ్యం గోళ్ల గీతలని వాటికి పేరు. ప్రపంచంలో అందరూ వదిలేసుకుంటే మనవాళ్లు మాత్రం ఆ దెయ్యం గోళ్లు కత్తిరించేదాకా నిద్రపోలేదని చెప్పి, ఆయన తన గోళ్లు చూసుకునేవారు, తానే కత్తిరించినట్టు.

తర్వాత పెట్రోలు కరువొచ్చి బండ్లు అమ్ముడుపోని రోజుల్లో, ఫ్యాక్టరీ వాళ్లనే ఊళ్ల మీదికి అమ్మకాలకి పంపారు. ఓకిమోతోగారిని ఒసాకా పంపారు. అక్కడ ఆయన బండి అమ్మలేదు, పెళ్లిచూపులు జరిపారు.

"బండెక్కడ పెడతావు?"

"ఇంటి ముందేనండీ."

"పైన కప్పుందా?"

"లేదండీ."

"వానలో నిలబెడతావా? ఇవ్వను, పో."

ఉన్నన్నాళ్లలో ఆయన అమ్మింది ఒక్కటంటే ఒక్కటే. అది కూడా, వచ్చినాయన తన గొడుగు తీసి బండికి పట్టాడని.

అలాంటి మనిషి కూర్చునే కొట్టు ముందు నేను రోజూ పరాయి కంపెనీ బండి నిలిపేదాన్ని. ఆ కంపెనీ పేరు రాయను. ఆయన ముందు ఆ పేరెత్తే అలవాటు మా కొట్లో ఎవరికీ లేదు. చిన్న తెల్ల వ్యాను. నాన్న దాంట్లో వీధి వీధీ తిరిగి తోఫు, అదే సోయా జున్ను, అమ్మేవాడు. తలుపు మీద నాన్న తన చేత్తో రాసుకున్న పేరు సగం చెరిగి ఉండేది. మధ్యాహ్నం ఫ్యాక్టరీ వాళ్లకి అట్లు తీసుకెళ్లేది దాంట్లోనే. కొట్టు నిలిచింది ఆ అట్ల మీదే. గేటు పక్కన నీడలో మాజ్డా బండ్లకే చోటు. పరాయి బండి ఏదైనా సరే మురుగుకాలవ అవతల ఆపాలి. అక్కణ్ణుంచి వేడి వేడి పెట్టెలు ఎత్తుకుని నేను పరుగు.

ఆ ఏడు వేసవి మొదట్లో వ్యాను దగ్గడం మొదలుపెట్టింది. ప్రభుత్వం వాళ్ల తనిఖీ దగ్గర పడుతోంది. షెడ్డు ఆయన బానెట్ ఎత్తి చూసి, మళ్లీ మెల్లగా దించాడు. "ఇది దాటదమ్మా. తుక్కుకి ఇచ్చేయండి."

కొట్లో ఆ సంగతి చెప్పాను. అత్త కాబేజీ తరగడం ఆపింది. "బండి లేకపోతే మధ్యాహ్నం బేరం లేదు. అది లేకపోతే..." అని, మిగతాది చెప్పకుండా మళ్లీ తరగడం మొదలెట్టింది.

"మంచి కబురు," అన్నారు ఓకిమోతోగారు. "దాని దగ్గు విని విని నా చెవులు చెడ్డాయి."

నొబుసుయెకి కూడా నవ్వు రాలేదు.

"తనిఖీ దాకా అయినా దాన్ని ఈ గుమ్మం ముందు పెట్టకు చిజురూ. వీధి పరువు పోతోంది. మా ఇంటి గోడ వెనక రేకుల కింద పడెయ్యి, ఎవరి కంటా పడదు. తాళంచెవి దాంట్లోనే ఉంచు, గ్యాసు లారీ వస్తే పక్కకి జరపాలి."

"పెద్దవారు కదా అని ఊరుకుంటున్నా," అంది అత్త. అది ఆమె ఊరుకోనప్పుడు అనే మాట.

నాకు గుచ్చుకుంది. నాన్న బండిని గోడ వెనక దాచుకోమంటారా అనుకున్నాను. అయినా ఆ సాయంత్రమే తీసుకెళ్లి రేకుల కింద పెట్టాను.

ఆశ్చర్యమేమిటంటే, అక్కడ పెట్టినప్పటి నుంచీ వ్యాను కోలుకోవడం మొదలెట్టింది. ముందు పొగ తగ్గింది. తర్వాత తాళంచెవి తిప్పగానే లేవసాగింది. నీడపట్టున ఉండడం వల్ల అనుకున్నాను నేను. "మీ నాన్నే పైనుంచి చూసుకుంటున్నాడే," అని అత్త నాన్న ఫోటో ముందు రోజూ తోఫు ముక్క పెట్టసాగింది.

ఒకరోజు నొబుసుయె కొత్త కబురు తెచ్చాడు. "బాబాయ్, నిన్న కురే ఊళ్లో ఆ పరాయి కంపెనీ వాళ్ల విడిభాగాల దుకాణం ముందు నిన్ను చూశాను. ముక్కుకి మాస్కు, నల్ల కళ్లద్దాలు. ఏం పని?"

"శత్రువు ఎలా ఉన్నాడో చూసి రావద్దూ?"

"చంకలో ఆ పొట్లం ఏంటి మరి?"

"నిమ్మకాయ స్వీట్లు. నీకు పెట్టను."

జూన్ నెలాఖరుకి ఫ్రాన్సులో రాత్రీ పగలూ సాగే పెద్ద పందెంలో మన రోటరీ బండి మొదట వచ్చింది. జపాను బండి అక్కడ గెలవడం అదే మొదటిసారి. ఓకిమోతోగారు కోటు వేసుకుని వీధంతా నడిచి, కూతురు ఫస్టు క్లాసులో పాసైన తండ్రిలా అభినందనలు అందుకున్నారు. ఆగి ఉన్న ప్రతి మాజ్డాకీ తల వంచి, "మీ చెల్లెలు గెలిచిందమ్మా," అని చెప్పారు. ఆ రోజు కొట్లో చరిత్ర బెండు నుంచి ఫ్రాన్సు దాకా ఏకబిగిన సాగింది. ఎవరూ ఆపలేదు. అట్లు మాడినా ఎవరూ తిట్టలేదు.

ఆయనకి ఇంకో పిచ్చి మా ఊరి బేస్‌బాల్ జట్టు, కార్ప్. మ్యాచ్ ఉన్న సాయంత్రం రేడియో గట్టిగా పెట్టి తలుపు వేసుకునేవారు. "మ్యాచ్ అయ్యేదాకా నా గుమ్మం తొక్కొద్దు," అని అందరికీ హెచ్చరిక. ఆ వేసవిలో మాత్రం మ్యాచ్‌లు బాగా పెరిగినట్టు నాకు అనిపించింది.

తనిఖీ ఇంకో వారం ఉందనగా ఒక సాయంత్రం జడివాన. మధ్యాహ్నం ఆయన కొట్టుకి రాలేదని అత్త నా చేత అట్టు పంపింది. గొడుగేసుకుని వెళ్లాను. గోడ వెనక రేడియో మోగిపోతోంది.

"బాబాయిగారూ, అట్టు తెచ్చాను."

"గుమ్మంలో పెట్టి వెళ్లు. మ్యాచ్ వింటున్నా."

"ఎవరు గెలుస్తున్నారండీ?"

"మనవాళ్లే. చితక్కొడుతున్నారు."

వానకి మ్యాచ్ రద్దయిందని ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. రేడియోలో ఎవరో ఆవిడ, ఓడెక్కి వెళ్లిపోయిన ప్రియుడి కోసం ఏడుస్తూ పాడుతోంది. గోడ పక్కగా తొంగి చూశాను. నాన్న వ్యాను కింద నుంచి చెక్క చెప్పుల కాళ్లు రెండు బయటికి కనిపించాయి.

కాళ్లు కదలడం మానేశాయి. కాసేపటికి ఓకిమోతోగారు పాక్కుంటూ బయటికొచ్చారు. ముక్కు మీద మడ్డి. చేతిలో పరాయి కంపెనీ పేరున్న పెట్టె. దాన్ని వీపు వెనక దాచుకున్నారు.

"ఏం చూశావు?"

"ఏం లేదండీ."

"మంచిది." లేచి మోకాళ్లు దులుపుకున్నారు. "దీని దగ్గు గోడ దాటి వినపడుతోంది. గోడ అవతల పోయేవాడికి ఇది ఏ కంపెనీ దగ్గో ఎలా తెలుస్తుంది? ఫుచూలో దగ్గింది కాబట్టి మన బండే అనుకుంటాడు. అంచేత..."

"కంపెనీ పరువు కోసం," అన్నాను మెల్లగా.

"అదీ. నీ కోసం కాదు."

నేను తలుపు వైపు చూశాను. నాన్న పేరులో చెరిగిపోయిన సగానికి నల్ల రంగు పడింది. నాన్న చేతి వంకరలు వంకరలుగానే ఉన్నాయి. ఒక్క గీత కూడా సరిదిద్దలేదు.

ఆయన నా చూపు పట్టుకున్నారు. "అది... తుప్పు పట్టకుండా."

నాకు ఎక్కణ్ణుంచి ధైర్యం వచ్చిందో, "ఇది మీ కూతురు కాదుగా బాబాయిగారూ," అన్నాను.

"కాదు. కోడలు. పరాయింటి నుంచి మన వీధికొచ్చింది. సూటిపోటి మాటలంటాం, అది వేరు. అలాగని అన్నం పెట్టడం మానేస్తామా?" రేడియో ఆపేశారు. "ఈ సంగతి నొబుసుయెకి తెలిస్తే నేను ఊరు వదిలేస్తా."

అట్టు ఇచ్చి వచ్చేశాను. దారిలో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎర్రదీపం దగ్గర డాక్టరుగారి బండిని ఆపి ఎన్నోసార్లు తిట్టారు గాని, ఒక్కసారీ కడగలేదు. కడిగింది నర్సు బండి. దీపం మార్చింది ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉండే కుట్టుపని ఆమె బండికి. తిట్లు అందరికీ పంచారు. బకెట్టు మాత్రం ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో చూసి తీసుకెళ్లారు.

వ్యాను తనిఖీ దాటింది. చూసినాయన ఇంకోసారి ఇంజను వైపు వంగి, "బాగా చూసుకుంటున్నారే," అన్నాడు. కొట్టుకి వచ్చి చెప్పగానే అత్త నాన్న ఫోటో ముందు ఏకంగా తోఫు దిమ్మ పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం కొట్టు నిండా జనం. నొబుసుయె అట్లకాడతో పళ్లెం మీద కొట్టి, "ఏమాటకామాట చెప్పుకోవాలి," అన్నాడు. "ఆ పరాయి కంపెనీ వాళ్లు బండి గట్టిగానే చేస్తారు. తుక్కుకి పోవాల్సింది, ఎవడూ చెయ్యి వెయ్యకుండా దానంతటదే కోలుకుందంటే మాటలా? మనవాళ్లు చూసి నేర్చుకోవాలి."

కొట్టంతా ఓకిమోతోగారి వైపు తిరిగింది. ఆయన నోట్లో అట్టు ముక్క ఉంది. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకి, నెత్తి మీది కార్ప్ టోపీ రంగుతో కలిసిపోయింది. బాగుచేసింది తనేనని ఒక్క మాటంటే చాలు, కంపెనీ పరువు మొత్తం తిరిగొస్తుంది. ఆయన నా వంక చూశారు. ముక్క మింగారు.

"గట్టిదే," అన్నారు.

అత్త చేతిలో అట్లకాడ ఆగిపోయింది. నొబుసుయె కంగారుగా ఆయన నుదురు పట్టుకుని చూశాడు. "బాబాయ్, ఒంట్లో బాగుందా?"

నలభై ఏళ్లు ఆ కంపెనీకి పనిచేసిన మనిషి, ఫ్రాన్సులో గెలిచిన నెల తిరక్కుండానే, నా బండి కోసం ఎంత మింగారో ఆ కొట్లో నాకొక్కదానికే తెలుసు. నేను పెనం మీద గుడ్డు కొట్టి, ఆయన అట్టు ఎత్తి దాని మీద వేసి, తిరగేసి ముందుకు జరిపాను.

"నేను అడగలేదే," అన్నారు ఓకిమోతోగారు.

"మీ కోసం కాదండీ," అన్నాను. "కొట్టు పరువు కోసం."

ఆయన టోపీ కళ్ల మీదికి లాక్కుని, గుడ్డుతో సహా మొత్తం తినేశారు.