టేపు వేసిన గుడ్లు

ఆ రోజుల్లో వైరాలజీ చదివినవాడి బతుకు ఎలా ఉండేదంటే, ఏం చేస్తున్నావని అడిగిన ప్రతివాడికీ ముందు వైరస్ అంటే ఏమిటో చెప్పాలి, అది కంటికి కనబడదని ఒప్పించాలి, కనబడనిదానికి జీతం ఎవరిస్తారయ్యా అంటే తల గోక్కోవాలి. ఇప్పుడా బాధ లేదు. మా వీధిలో కూరగాయలమ్మే అతను కూడా వైరస్ గురించి నాకే రెండు ముక్కలు చెబుతున్నాడు. వాదించే ఓపిక లేదు కాబట్టి వంకాయలు ఏరుకుంటూ వింటున్నాను. అలా వింటున్నప్పుడు ఒక్కోసారి దుబాయిలో నేను పొదిగించిన కోడిగుడ్లు గుర్తొచ్చి నవ్వొస్తుంది. (తన మాటలకే నవ్వుతున్నాననుకుని అతను ఇంకో వంకాయ కొసరు వేస్తాడు.)

డెబ్బైల చివర సంగతి ఇది. యూనివర్సిటీలో పరిశోధన ఎలాగో ముగించి, పేరు ముందు డాక్టరు తగిలించుకుని, జేబులో బస్సు చార్జీ లేకుండా తిరుగుతున్న కాలం. నా పరిశోధన అంతా మశూచి జాతి వైరస్‌ల మీద. సరిగ్గా అప్పుడే మశూచి లోకం వదిలిపోయిందని అందరూ పండగ చేసుకుంటున్నారు. "మంచిదేలే, కానీ ఇక నీకు ఉద్యోగం ఎవరిస్తారోయ్" అని మా గైడుగారు, సంతోషించాలో సానుభూతి చూపాలో తెలియని ముఖంతో అన్నారు. అంతలో దుబాయిలో వైరాలజిస్టు కావాలని పేపర్లో ప్రకటన పడింది. బొంబాయి వెళ్ళి ఇంటర్వ్యూ ఇచ్చాను. విమానంలో కూర్చున్నంతసేపూ అక్కడి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఎంత పెద్దదో ఊహించుకున్నాను. తీరా చూస్తే అది పశువుల క్లినిక్కు. ఒంటె పందేలంటే ప్రాణం పెట్టే ఒక పెద్దమనిషి తన ఒంటెల కోసం పెట్టించుకున్నాడు. మా అందరికీ ఆయనే కఫీల్, అంటే మా వీసాలు ఆయన చేతిలో ఉండేవి. వెనకవైపు రెండు గదులు నా ల్యాబు. ఒక మైక్రోస్కోపు, ఒక ఫ్రిజ్జు, ప్లాస్టిక్ కవరు కూడా విప్పని ఒక ఇంక్యుబేటరు, చెవులు దిబ్బడ వేసేలా మోగే ఒక ఏసీ. వైరాలజిస్టును పెట్టుకుంటే క్లినిక్కుకు గౌరవమని ఎవరో చెప్పారట, అందుకని నన్ను పెట్టుకున్నారు.

పని లేకుండా కూర్చోవడమంత అలసట ఇంకోటి లేదని అక్కడే తెలిసింది. పొద్దున్నే నైఫ్ అనే పేటలో మేమంతా సర్దుకుని ఉండే గదిలో బాత్‌రూమ్ కోసం లైన్లో నిలబడి, చెమటతో తడిసిన చొక్కాతో క్లినిక్కుకు చేరి, తుడిచిన మైక్రోస్కోపునే మళ్ళీ తుడిచి, సాయంత్రం అదే చొక్కాతో తిరిగొచ్చేవాణ్ణి. గదిలో మిగతావాళ్ళంతా జగిత్యాల వైపు నుంచి వచ్చి బిల్డింగుల పని చేసేవాళ్ళు. వాళ్ళలో పెద్దాయన్ను అందరం మామ అనేవాళ్ళం. పగలంతా సిమెంటు మోసి వచ్చిన ఆయన నన్ను చూసి, "మోసేటోని కన్న నువ్వే ఎక్కువ అలసిపోయినట్టున్నవ్ గదా, వైరస్ సారూ" అనేవాడు. ఎగతాళో జాలో తెలిసేది కాదు. రెండూ అయి ఉండొచ్చు.

చలికాలం మొదలై, పందేలు దగ్గర పడుతున్నాయనగా, కఫీల్ ఫారంలో కొన్ని ఒంటె పిల్లలకు మూతుల మీద పుండ్లు లేచాయి. మా ముదీర్, అంటే క్లినిక్కు మేనేజరు, సూడాన్ నుంచి వచ్చిన పశువైద్యుడు, ఆరడుగుల పైచిలుకు మనిషి, ఎంత కోపమొచ్చినా గొంతు పెంచడు. ఆ పుండ్ల మీది పొక్కులు చిన్న సీసాలో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"యా దుక్తూర్, ఇది రెండింటిలో ఒకటి. మామూలు నోటి పుండ్లయితే ఆ పిల్లల్ని వేరు చేసి మిగతావాటిని పందేలకు పంపుతాం. ఒంటె మశూచి అయితే ఫారం గేటు మూసెయ్యాలి, ఈ ఏడాది పందేలు ఖలాస్. ఏదో నువ్వు చెప్పు."

"పుండ్లు చూస్తే తెలియదా సార్?"

"మొదట్లో రెండూ ఒకేలా ఉంటాయి. తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?" అని సీసా మూత బిగిస్తూ, "నీ ప్రొబేషన్ ఈ నెలాఖరుకు అయిపోతోంది. నువ్వు చెప్పలేకపోతే శాంపిల్ లండన్ పంపిస్తాను. ఎలాగూ లండనే పంపేటట్టయితే ఇక్కడ నువ్వు దేనికి?" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఉద్యోగం పోతే టికెట్ చేతిలో పెట్టి పంపేస్తారు. ఊళ్ళో మా నాన్న అప్పటికే మావాడు దుబాయిలో సైంటిస్టు అని తాలూకాఫీసు దాకా చాటింపు వేసి ఉన్నాడు.

ఆ రోజుల్లో ఈ రెండు వైరస్‌లను విడదీయడానికి మా దగ్గరున్న సాధనం కోడిగుడ్డే. పన్నెండు రోజులు పొదిగిన గుడ్డు తీసుకుని, పెంకుకు చిన్న కిటికీ కోసి, లోపల పిల్లను కప్పి ఉండే పల్చటి పొర మీద ఆ పొక్కుల రసం ఒక చుక్క వేసి, కిటికీకి టేపు అంటించి మళ్ళీ వెచ్చగా ఉంచాలి. మశూచి జాతిదైతే నాలుగు రోజుల్లో ఆ పొర మీద తెల్లటి మచ్చలు లేస్తాయి. రెండోదైతే ఏమీ రాదు. వినడానికి ఇంతే. కానీ గుడ్డు పొదిగితే పిల్లయ్యేది కావాలి కదా. దుబాయి షాపుల్లో ఉన్నవన్నీ ఓడల్లో దిగిన తెల్ల గుడ్లు, పుంజు మొహం ఎరగని కోళ్ళవి. నైఫ్ సందుల్లో ప్రతి షాపు ముందూ నిలబడి "ఈ గుడ్డులోంచి పిల్ల వస్తుందా" అని హిందీలో అడుగుతుంటే, షాపువాళ్ళు నన్ను ఎగాదిగా చూసి పక్క షాపు చూపించేవాళ్ళు.

చివరికి దిక్కులేక మామకు చెప్పాను. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "గుడ్లు కొంటవ్, తినవు. పొదిగిస్తవ్, పిల్లలు జేయవు. పిల్ల అయ్యేముందు రోగం అంటిస్తవ్. గింత దూరం ఒచ్చింది గిందుకా సారూ?" అన్నాడు. అలా అన్నాడే గానీ, తమ సైట్లో వాచ్‌మన్ పుంజుతో సహా కోళ్ళు పెంచుకుంటున్నాడని చెప్పి, ఆయన్ను బతిమాలి రెండు డజన్ల గుడ్లు అట్టపెట్టెలో ఊక పోసి తెచ్చిపెట్టాడు. ఇంక్యుబేటరు ప్లాస్టిక్ కవరు ఆ రోజు విప్పాను. గది చీకటి చేసుకుని, టార్చి ముందు గుడ్డు పెట్టి, లోపల ఎర్రటి నరాలు పాకుతున్నాయో లేదో రోజూ ఒక్కొక్కటీ చూసుకునేవాణ్ణి. పన్నెండు రోజులు తిరిగేసరికి సగం మురిగిపోయాయి. మిగిలిన సగంలో ఎక్కువవాటికి పొక్కుల రసం వేసి, పోల్చి చూడడానికి రెండింటికి ఉత్త ఉప్పునీళ్ళు వేసి, అన్నింటికీ టేపు అంటించి, నంబర్లు రాసి లోపల పెట్టాను. ఆ రోజు గురువారం. శుక్రవారం సెలవు.

ఇక్కడ చాయ్ భాయ్ గురించి చెప్పాలి. నెల్లూరు వైపు మనిషి. క్లినిక్కులో చాయ్ పెట్టడం, ఊడ్చడం, మధ్యాహ్నం అందరికీ వండిపెట్టడం ఆయన పనులు. తెలుగువాణ్ణని నా మీద ప్రత్యేకమైన అభిమానం, చాయ్‌లో నాకు మాత్రం అల్లం వేసేవాడు. ఫ్రిజ్జు ముట్టుకోవద్దని ఆయనకు మొదటిరోజే గట్టిగా చెప్పాను. ఇంక్యుబేటరు గురించి చెప్పాలని నాకు తోచలేదు. తోస్తే ఇదంతా రాయాల్సిన పనే లేదు.

శనివారం పొద్దున్న తలుపు తీసి చూస్తే, ఇంక్యుబేటర్లో తళతళలాడే తెల్ల గుడ్లు వరసగా కూర్చుని ఉన్నాయి. టేపు లేదు, నంబర్లు లేవు. వెనక నుంచి చాయ్ భాయ్ గ్లాసు అందిస్తూ, "చూసినారా సార్" అన్నాడు, సంతోషంగా.

"ఇవేమిటి భాయ్?"

"మంచి గుడ్లు సార్, నిన్ననే ఓడలో దిగినాయంట. మీవి అన్నీ పగిలిపోయుండాయి గదా, పాపం టేపులు ఏసుకొని దాచుకోనుండారు. రోజూ లైటు పెట్టి ఒక్కోటి పాడైందా లేదా అని చూసుకుంటా ఉంటే నాకు మనసు ఆగలా. ఊరికి డబ్బులు పంపాల్నని కడుపు మాడ్చుకోబాకండి సార్. మేమూ వచ్చిన కొత్తలో కుబ్బూసు రొట్టె చాయ్‌లో ముంచుకొని తిన్నోళ్ళమే. నా డబ్బులతోనే తెచ్చినాలే, మీరేం ఇయ్యబాకండి."

ఆ మనిషిని ఏమని తిట్టను? పీహెచ్‌డీ చేసినవాడు పగిలిన గుడ్లకు టేపేసుకుని తింటున్నాడని నమ్మి, రోజంతా బాధపడి, తన జేబులోంచి గుడ్లు కొన్నాడు. "పాతవి ఎక్కడ పారేశావు?" అన్నాను.

"పారెయ్యడమేంది సార్, తినే వస్తువును? ఇందాకే ట్రేతో సహా వెనక చెత్త డ్రమ్ము పక్కన పెట్టినా. పిల్లులన్నా తింటాయి గదా అని."

ఇద్దరం పరిగెత్తాం. తానెందుకు పరిగెత్తుతున్నాడో చాయ్ భాయ్‌కి తెలియదు, నేను పరిగెత్తుతున్నానని ఆయనా పరిగెత్తాడు. ట్రే ఎండలో ఉంది. పక్కనే ఒక పసుపు పిల్లి మూతి నాక్కుంటోంది. మిగిలిన గుడ్లను చొక్కాలో ఒడి పట్టి లోపలికి తెచ్చి, టార్చి ముందు పెట్టి చూస్తే, నరాలు ఎర్రగానే ఉన్నాయి, లోపల కదలిక ఉంది. చలికాలపు ఎండ, మన దగ్గర పొయ్యి పక్క వెచ్చదనమంత, వాటిని కాపాడినట్టుంది. దేవుడా అనుకుని నంబర్లు చూసుకున్నాను. పిల్లి తిన్నవి సరిగ్గా ఆ రెండు ఉప్పునీళ్ళ గుడ్లే. (రోగం లేనివి ఏరుకుని తిన్న ఆ పిల్లికి ఉన్న తెలివి మా డిపార్ట్‌మెంటులో కొందరికి ఉండేది కాదు.) చాయ్ భాయ్ చేతులు స్పిరిటుతో తోమించి తోమించి, సంగతంతా చెప్పాను. "నా వీసా పోతాది సార్" అని స్టూలు మీద కూలబడ్డాడు. నీదే కాదు భాయ్, నాదీ పోతుంది అన్నాను. అలసిపోయి ఇద్దరం ఆ చల్లారిన చాయే తాగాం.

నాలుగో రోజు ఒక్కో గుడ్డూ విప్పాను. పొర మీద తెల్లటి మచ్చలు, ఒత్తుగా, అన్నింటిలోనూ. నేను ఏళ్ళ తరబడి చూసి చూసి విసిగిన మచ్చలే. ముదీర్ దగ్గరికి వెళ్ళి మశూచే అన్నాను. దాచబుద్ధి కాక, గుడ్లు కాసేపు ఎండలో ఉన్నాయనీ, పోల్చి చూడాల్సినవి పిల్లి తినేసిందనీ కూడా చెప్పాను. ముదీర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఎండలో ఎవరు పెట్టారు?"

"నేనే సార్. ఇంక్యుబేటరు తుడుద్దామని."

"చెత్త డ్రమ్ము దగ్గర పడున్న గుడ్లను నమ్మి, ఆయన పందేలు ఆపమంటావు."

"మళ్ళీ చేస్తాను సార్. పదహారు రోజులు పడుతుంది."

"అప్పటికి పందేలే అయిపోతాయి. ఇప్పుడు చెప్పు, అదేనా?"

కాదంటే అందరికీ హాయి. తెలియదంటే లండన్. అదే అంటే ఏమవుతుందో ఊహించే శక్తి కూడా లేకపోయింది. "అదే సార్" అన్నాను. ధైర్యం కాదు, ఆ మచ్చలు మరోలా చెప్పడం నాకు రాదు, అంతే. "అయితే యల్లా, పద, ఆ మాట నువ్వే ఆయనకు చెప్పు" అని ముదీర్ లేచాడు.

కఫీల్ ఫారంలోనే ఉన్నాడు, చాప మీద కూర్చుని ఖహ్వా, అదే అరబ్బీ కాఫీ, తాగుతున్నాడు. నేను వచ్చిన హిందీలో చెప్పాను. చాలాసేపు విని, అందరితో మాట్లాడే ఆ గల్ఫు హిందీలోనే ఆయన అడిగింది రెండే ప్రశ్నలు. మొదటిది: "పిల్లలు బతుకుతాయా?" పాక్స్ వైరస్ ఏ పొర మీద ఎలా పెరుగుతుందో గంటసేపు చెప్పగలను, అది పట్టిన ఒంటె బతుకుతుందో లేదో నాకు తెలియదు. రెండోది: "నువ్వు వాటిని చూశావా?" చూడలేదు. ఆ పుండ్ల మీదే నా బతుకు ఆధారపడి ఉందని వణికిపోయానే గానీ, ఒంటె ముఖం ఒక్కసారీ చూడలేదు.

ఆయన లేచి, నా మోచెయ్యి పట్టుకుని దొడ్డిలోకి తీసుకెళ్ళాడు. అన్నింటిలోకీ చిన్న పిల్ల ఒకటి, మూతంతా వాచి, తల్లి పొదుగు దగ్గరికి వెళ్ళడం, నొప్పికి వెనక్కి రావడం. నేను పరీక్ష రాయబోయేవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాను. అది దగ్గరికొచ్చి, వాసన చూసి, చీమిడి, నురగ అంతా నా చొక్కాకు పూసి, తల నా పొట్టకు ఆనించి అలాగే ఉండిపోయింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జాలో, భయమో, నిద్రలేమో. కఫీల్ చూసి, ముదీర్‌తో అరబ్బీలో ఏదో అని, గేటు మూయించమని పనివాళ్ళకు కేక వేశాడు.

"ఏమన్నారు సార్?" అని తిరిగొచ్చేటప్పుడు కార్లో అడిగాను.

"నిన్ను ఉంచమన్నాడు. వారానికోసారి ఒంటెల దగ్గరికి తోలమన్నాడు." ఆ తర్వాత ముదీర్ ఏం చెప్పాడో తెలియదు. నోరు తెరుచుకుని నిద్రపోయానట.

సాయంత్రం గదిలో మామ నా చొక్కా చూసి ముక్కు మూసుకుని, "ఏమైంది సారూ, ఉంచిర్రా, ఎల్లగొట్టిర్రా?" అన్నాడు.

"ఉంచారు మామా. ఇక దిగుల్లేదు. రెండేళ్ళు చేస్తాను, నాలుగు డబ్బులు చేతిలో పడగానే వెనక్కి వెళ్ళి మంచి ల్యాబులో చేరతాను."

మామ నా కంచంలో అన్నం వడ్డిస్తూ, "నేను సుత గట్లనే అన్న. అప్పుడు మా చిన్నోడు పాలు తాగుతుండె. ఇప్పుడు బడికి పోతుండట" అన్నాడు.

నాకు ఆ మాట బుర్రకెక్కలేదు. ఎక్కడానికి తల నిండా ఉద్యోగం నిలబడ్డ సంతోషమే ఉంది. మంచి ల్యాబు సంగతి ఏటా అనుకుంటూనే, జుట్టు తెల్లబడేదాకా నేను ఒంటెల డాక్టరుగానే ఉండిపోయాను. ఉద్యోగం పోతే పోనీరా, ఇంకెక్కడైనా బతకొచ్చు అని ఆనాటి నాకు, ఆ కుర్రాడికి, ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదేమో. చెప్పినా వినేవాడు కాదు. ఆ పూట వాడు మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.